గుత్త కావాలి, సంతకం వద్దా?

పంట పండినా ఎండినా ఆసామికి గుత్త కట్టాల్సిందే. కాగితం రాయమంటే మాత్రం మొహం తిప్పుకుంటాడు. మన రుద్రవరంలోనే కాదు, రాష్ట్రమంతా ఇదే తంతు.

2011 చట్టం కింద కౌలురైతు రుణార్హత కార్డుకు ఆసామి సంతకం అక్కర్లేకుండేది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందమంది. భూమి ఆసామిదేనని హామీ కూడా ఇచ్చింది. అయినా ఆయన సంతకం తప్పనిసరి చేసింది. తాళంచెవి మళ్లీ ఆయన మొలతాడుకే!

కార్డు లేని కౌలుదారుకు బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. అప్పులు మన మెడకు, నష్టపరిహారం పట్టాదారు ఖాతాకు. సెంటు భూమి లేని దళితులకే ఈ దెబ్బ ఎక్కువ.

సంతకం కాదు, సాగు చూడాలి. ఎవరు దున్నుతున్నారో గ్రామసభలో ఊరే చెబుతుంది. అది రాసుకుని కార్డు ఇవ్వాలి. తహసీల్దారు కచేరీకి ఒక్కొక్కరుగా కాదు, పల్లెకు పల్లె కదులుదాం!