“అక్కడ ఏటుంది?” అనేవాళ్ళకు జవాబు

భిలాయి తెలుగు ఇళ్ళలో వేసవి సెలవుల మాట వస్తే చాలు, ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. “సొంతూరు వెళ్ళి ఏం చేస్తారు? ఆ సముద్రం దగ్గర ఏటుంది? ఇసుక తప్ప ఏటీ లేదు. పిల్లల్ని గోవా తీసుకెళ్ళండి, కాకపోతే పూరీ.” ఖుర్సీపార్‌లో వినిపించేదీ, సెక్టార్ క్వార్టర్లలో వినిపించేదీ ఇదే మాట. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి తాతలు, తండ్రులు పొట్ట చేతబట్టుకుని భిలాయి ఉక్కు ప్లాంటుకు వచ్చిన ఇళ్ళలోనే, ఆ జిల్లాల తీరం గురించి ఇంత చులకన మాట వినిపిస్తోంది.

ఈ చులకన మరో రూపంలోనూ తిరుగుతోంది. దాని పేరు అభివృద్ధి. మన తీరాలు బాగుపడాలంటే రిసార్టులు రావాలి, నీటి స్కూటర్లు రావాలి, రంగు దీపాలు, సెల్ఫీ పాయింట్లు, ఫుడ్ కోర్టులు రావాలి అంటారు. మొదటి వాళ్ళు తీరాన్ని వదిలేయమంటున్నారు, రెండో వాళ్ళు దాన్ని మార్చేయమంటున్నారు. ఉన్నది ఉన్నట్టుగా ఆ తీరానికి విలువ లేదన్నదే ఇద్దరి నమ్మకమూ. ఆ నమ్మకం తప్పు. తప్పు కావడమే కాదు, హాని చేసే తప్పు.

ముందు, అక్కడ ఏముందో చెప్పుకుందాం. శ్రీకాకుళం జిల్లా తీరం పొడవు దాదాపు 193 కిలోమీటర్లు. శ్రీకాకుళం నుంచి గంట ప్రయాణంలో కళింగపట్నం వస్తుంది. అక్కడ వంశధార సముద్రంలో కలుస్తుంది. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు అది. ఇప్పుడు పాత లైట్‌హౌసు, సరుగుడు తోటలు, వెడల్పాటి ఇసుక మిగిలాయి. నది వెంట కాస్త ఎగువకు వెళ్తే శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలున్నాయి. ఉత్తరాన సోంపేట దగ్గర బారువలో మహేంద్రతనయ కడలిలో కలుస్తుంది. ఆదివారం సాయంత్రం ఈ తీరాలకు వచ్చేది చుట్టుపక్కల జనమే. పులిహోర డబ్బా, మరమరాల పొట్లం, తడిసిన పిల్లల్ని తుడవడానికో తువ్వాలు తెచ్చుకుంటారు. ముసలివాళ్ళు సరుగుడు నీడలో కూర్చుంటారు. మైకు మోత ఉండదు. పిల్లాడు తప్పిపోతాడన్న భయం ఉండదు. ఆడపిల్లలు ఎవరి కళ్ళకూ జడవకుండా నీళ్ళలో కాళ్ళు తడుపుకుంటారు. ఒక కుటుంబానికి సెలవు రోజున ఇంతకంటే కావలసింది ఏమిటి?

పైగా మన పిల్లలు వెళ్ళే వేసవిలోనే ఆ తీరం దగ్గర నేర్చుకోవలసింది ఎక్కువ. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజను పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. అప్పుడు ఆ పడవలన్నీ ఇసుక మీద ఉంటాయి. మత్స్యకారులు వలలు బాగుచేసుకుంటూ, పడవలకు రంగులు వేసుకుంటూ కనిపిస్తారు. ఈ రెండు నెలలు ఆ ఇళ్ళు ఎలా గడుస్తాయో, వేట ఎందుకు ఆపాలో పదేళ్ళ పిల్లకు అక్కడే చెప్పొచ్చు. నీటి స్కూటరు మీద పావుగంట తిప్పితే ఈ చదువు రాదు.

మొదటి సంగతి బతుకుతెరువు. ఏమీ లేదంటున్న ఆ ఇసుకే మత్స్యకారుల పనిచోటు. నెత్తళ్ళు ఎండేది దాని మీదే. పెద్ద వల లాగేటప్పుడు ఊరంతా నిలబడేది దాని మీదే. పడవ ఒడ్డుకు చేరేది దాని మీదికే. అక్కడ కంచె వేసి కుర్చీలు పరిస్తే మొదట బయటపడేది మత్స్యకారుడి కుటుంబం. రిసార్టు కట్టినవాళ్ళకు ఆ ఇసుక ఖాళీ జాగాలా కనబడవచ్చు. అక్కడ పుట్టినవాళ్ళకు అది వాకిలి.

రెండో సంగతి డబ్బు. 2023 జూలైలో విశాఖపట్నం రుషికొండ తీరానికి మనిషికి 20 రూపాయల ప్రవేశ రుసుము పెట్టబోయారు. జనం ఎదురుతిరిగితే వెనక్కి తగ్గారు. ఇరవై రూపాయలు ఒక లెక్కా అని అడిగినవాళ్ళున్నారు. అయిదుగురున్న కుటుంబానికి అది వంద. ఆటో చార్జీ, పిల్లలకు ఐస్‌క్రీం కలిస్తే, కూలి పనికి వెళ్ళే ఇంటికి ఆ సాయంత్రమే మానుకోవలసిన ఖర్చు. దేశంలో పేదవాడు పైసా ఇవ్వకుండా, ఎవరి దయా అడగకుండా, ధనికుడి పక్కనే సమానంగా కూర్చోగలిగిన చోట్లు ఎన్ని మిగిలాయి? సముద్రతీరం వాటిలో పెద్దది. ఎం.సి. మెహతా, కమల్‌నాథ్‌ల కేసులో 1996లో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చి చెప్పింది. సముద్రతీరాలు, పారే నీళ్ళు, అడవులు ప్రజలందరివి, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే అంది. ధర్మకర్తకు గుడి వాకిలి అమ్మే హక్కు లేదు.

మూడో సంగతి ప్రకృతి. మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతూ ఉంటుంది. దానికి అడ్డంగా ఏది కట్టినా ఒక పక్క మేట వేస్తుంది, రెండో పక్క కోత పడుతుంది. విశాఖలో 1970లలో వెలుపలి హార్బరు వచ్చాక, దానికి ఉత్తరాన ఉన్న ఆర్.కె. బీచికి ఇసుక అందడం తగ్గింది. తవ్వితీసిన ఇసుకను పంపులతో అక్కడికి చేర్చవలసి వచ్చింది. రేవు దేశానికి అవసరం కాబట్టి ఆ మూల్యం భరించాం. ఒక హోటలు పిట్టగోడ కోసం, ఒక కాంక్రీటు నడకదారి కోసం అదే మూల్యం ఎందుకు చెల్లించాలి? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాన్లు వచ్చినప్పుడు ఉత్తరాంధ్ర ఏం చూసిందో మరిచిపోలేదు. ఇసుక దిబ్బ, దాని వెనక సరుగుడు వరస సముద్రానికీ ఊరికీ మధ్య నిలబడే కాపలా. వాటిని చదును చేసి పార్కింగు వేయడాన్ని అభివృద్ధి అనలేం.

దీపాల సంగతీ అంతే. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు చలికాలం చివర మన తీరాల్లో గుడ్లు పెడతాయి. దాదాపు యాభై రోజులకు పిల్లలు రాత్రిపూట ఇసుకలోంచి పైకొచ్చి, ఎక్కువ వెలుతురున్న దిక్కుకు నడుస్తాయి. దీపాలు లేని తీరంలో ఆ దిక్కు సముద్రమే. ఒడ్డున ఫ్లడ్‌లైట్లు వెలిగితే అవి రోడ్డు వైపు నడిచి చస్తాయి. ఇవన్నీ తెలిసే 1991లో తీర నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 2019లో వాటిని సడలించి, జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన పల్లెల తీరంలో, కట్టడాలు కూడని మేరను 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు కుదించారు. ఏమీ లేని తీరం అన్న మాట ఇలాంటి సడలింపులకు దారి వేస్తుంది. ఏమీ లేదని అందరూ నమ్మిన చోట ఏం కట్టినా అడిగేవాడు ఉండడు.

ఎదుటివాళ్ళ వాదనలో బలం లేకపోలేదు. మరుగుదొడ్డి లేని తీరానికి ఆడవాళ్ళు ఎలా వస్తారు? తడి బట్టలు ఎక్కడ మార్చుకుంటారు? ఎవరైనా మునిగిపోతే కాపాడేదెవరు? ఊరి కుర్రాళ్ళకు పని ఎలా వస్తుంది? ఈ ప్రశ్నలు న్యాయమైనవి. వీటికి రిసార్టు జవాబు కాదు. రిసార్టు మరుగుదొడ్డి దాని అతిథులది. తీరానికి కావలసినవి శుభ్రమైన మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, మంచినీళ్ళు, చెత్తబుట్టలు, సాయంత్రం ఆఖరి బస్సు, జీతమిచ్చి పెట్టుకున్న గజ ఈతగాళ్ళు. ఆ ఈతగాళ్ళ పనికి మత్స్యకారుల పిల్లల్ని మించినవాళ్ళెవరు? తినుబండారాల దుకాణాలు ఊరి మహిళా సంఘాలకు ఇస్తే పనీ దొరుకుతుంది, డబ్బు ఊళ్ళోనే ఉంటుంది.

రుషికొండకు 2020లో, తీరాల శుభ్రతకూ భద్రతకూ ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడు మెచ్చుకోవలసినది ఈ కోవకు చెందిన పనుల్నే: నీటి పరీక్ష, స్నానానికి హద్దులు, కాపలా ఈతగాళ్ళు. 2025 తొలి నెలల్లో నిర్వహణ సరిగా లేదని ఆ జెండా కొంతకాలం దిగిపోయింది. కొత్తవి కట్టడం కంటే ఉన్నదాన్ని రోజూ ఊడ్చి, తుడిచి, కనిపెట్టుకుని ఉండటమే అసలు పని అని ఆ అనుభవం చెబుతోంది.

ప్రశాంతంగా ఉన్నంత మాత్రాన ఏ తీరమూ భద్రం కాదన్నది కూడా చెప్పి తీరాలి. నదీముఖాల దగ్గర స్నానం ప్రమాదం. అలల వరసలో ఒకచోట మాత్రం నీరు నిమ్మళంగా కనబడితే, లోపలికి లాక్కుపోయే ప్రవాహం అక్కడే ఉండవచ్చు. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, తీరం వెంబడి పక్కకు ఈది బయటపడాలి. భిలాయిలో చెరువులు చూసి పెరిగిన పిల్లలకు సముద్రం చెరువు కాదని ముందే చెప్పాలి. ఇది రాసిన బోర్డు ప్రతి తీరంలోనూ తెలుగులో, హిందీలో ఉండాలి.

మనం ఉంటున్న ఛత్తీస్‌గఢ్‌కు సముద్రం లేదు. ధమ్‌తరి దగ్గర మహానది మీద కట్టిన గంగ్రేల్ జలాశయాన్ని ఇక్కడివాళ్ళు ముద్దుగా మినీ గోవా అంటారు. ఒడ్డున ఇసుక, పడవలు, కాటేజీలు ఉన్నాయి. ఆదివారాలు మనమూ వెళ్తాం, సంతోషంగానే వస్తాం. కానీ గోవాతో పోలిస్తే తప్ప నీటికి గొప్పతనం రాదన్న కొలత మనసులో పడటం మంచిది కాదు. పొలాలు తడిపి, ప్లాంటుకు నీళ్ళిచ్చే జలాశయం తన పేరుతోనే గొప్పది. ఆ కొలతే పట్టుకుని వెళ్తే కళింగపట్నమూ బారువా ఎప్పటికీ తక్కువగానే కనబడతాయి.

2024 సెప్టెంబరు నుంచి దుర్గ్, విశాఖపట్నం మధ్య వందే భారత్ రైలు నడుస్తోంది. తెల్లవారి ఎక్కితే మధ్యాహ్నానికి సముద్రం ఉన్న ఊళ్ళో దిగుతాం. పార్వతీపురం, విజయనగరం దారిలోనే వస్తాయి. అందుకే భిలాయి తెలుగువాళ్ళకు నా విన్నపం. ఈసారి సెలవుల్లో మీ సొంత జిల్లా తీరానికి పిల్లల్ని తీసుకెళ్ళండి. ప్లాస్టిక్ అక్కడ వదలకండి, సీసాలు పగలగొట్టకండి, వలల మీద నడవకండి. మరుగుదొడ్డి లేకపోతే పంచాయతీకి, కలెక్టరుకు ఉత్తరం రాయండి. భిలాయిలో ఉన్న మీ సంఘాల తరఫున కూడా రాయించండి. ఇసుక మీద కంచె కనిపిస్తే ఎవరి అనుమతితో వేశారని అడగండి. ఆ తీరం ఎవరో ఇచ్చిన సదుపాయం కాదు, మన హక్కు. హక్కును వాడుకోని జనం దాన్ని పోగొట్టుకుంటారు.