‘ఉఫ్’ అనకుండా ఉండాలంటే

పెనుకొండలో మా బంధువుల ఇంట ఒక పెద్దాయన జొహర్ నమాజు ముగించిన పది నిమిషాలకే మళ్లీ వుజూకు లేచేవారు. “ఇప్పుడే చేశారు కదా అబ్బా!” అని కోడలు గుర్తు చేస్తే మండిపడేవారు. హిందూపురం, ధర్మవరం ఇళ్లలోనూ ఇటువంటి మాటలే వింటున్నాము.

తల్లిదండ్రులను ‘ఉఫ్’ అని కూడా అనరాదన్న బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయత్‌ను ఏళ్లుగా బోధిస్తున్నాము. డిమెన్షియా వచ్చిన తండ్రి ఒకే ప్రశ్న ఇరవైసార్లు అడిగినప్పుడు ఆ మాటను ఎలా ఆపుకోవాలో మాత్రం ఏనాడూ చెప్పలేదు. మాకూ తెలియదు.

అందుకు పాఠాలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘ఐసపోర్ట్’ అనే ఆన్‌లైన్ శిక్షణను తెచ్చింది. మొత్తం 23 పాఠాలు. బెంగళూరులోని నిమ్హాన్స్ దానిని మన దేశానికి తగినట్లు మలచింది. స్నానం, భోజనం, కోపతాపాలు అన్నీ అందులో ఉన్నాయి. ఒక భాగమంతా సేవ చేసేవారి సొంత ఆరోగ్యం గురించే. అది చూసి సిగ్గుపడ్డాము. ఆ కోడలికి “సబర్ చేయమ్మా” అని చెప్పి వచ్చామే గానీ, ఒక్క పూట ఆమెకు విశ్రాంతినివ్వమని మరుదులకు చెప్పలేదు.

ఇప్పుడు ఆ ఇంట వాదన లేదు. “రండి దాదా, టీ తాగుదాం” అంటూ మనవడు చేయి పట్టుకుంటాడు. వినకపోతే మళ్లీ నమాజు చేసుకోనిస్తారు. బుద్ధి తప్పినవారిపై విధి లేదని ఫిఖ్ చెబుతూనే ఉంది, రకాతులు లెక్కపెట్టి నిలదీయడం ఎందుకు?

మతిమరుపు కనిపించగానే ముందు డాక్టరుకు చూపించండి. థైరాయిడ్, బి12 లోపాల వల్ల వచ్చేది మందులతో తగ్గవచ్చు. ఆపై ఇంగ్లీషు చదివిన మనవడో మనవరాలో ఇషా తరువాత రోజుకొక పాఠం చదివి, ఇంటిల్లిపాదికీ తెలుగులోనో ఉర్దూలోనో వివరించాలి. మరుదులు కూడా కూర్చుని వినాలి.