సిగ్నల్ ఎక్కడ పెట్టాలో మీ పిల్లల్ని అడగండి



పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుంటే చదువు పాడవుతుందని మీకు భయం. ఆ భయం న్యాయమైనదే. కానీ అన్ని ఆటలనూ ఒకే గాటన కట్టకండని నా మనవి.

‘ఓపెన్ టీటీడీ’ అనే ఆటనే తీసుకోండి. పేరు చూసి తిరుమల దేవస్థానం అనుకోకండి! ‘ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్’ అనే పాత ఆట ఆధారంగా 2004లో మొదలైన ఉచిత ఆట ఇది. ఇందులో కాల్పులు ఉండవు. పట్టాలు వేసి, రైళ్లు కొని, సరుకులనూ ప్రయాణికులనూ చేరవేసి లాభం తేవాలి.

అసలు పరీక్ష సిగ్నళ్ల దగ్గర మొదలవుతుంది. మామూలు సిగ్నళ్లకు ఒకటే సూత్రం: రెండు సిగ్నళ్ల మధ్య ఒకసారికి ఒక్క రైలే ఉండాలి. సిగ్నళ్లు ఎక్కువైతే రైళ్లు ఎక్కువ నడుస్తాయని పిల్లలు సింగిల్ లైను పొడవునా పెట్టేస్తారు. కాసేపటికి రెండు రైళ్లు ఎదురెదురుగా వచ్చి ఆగిపోతాయి.

దీనికి జవాబు మన నవీపేట్ స్టేషన్‌లోనే ఉంది. నిజామాబాద్ నుంచి బాసర వైపు వెళ్లే మన లైను దశాబ్దాలుగా సింగిల్ లైనే. అందుకే “క్రాసింగ్ ఉంది” అన్న మాట మనందరికీ అలవాటు. ఒక రైలు స్టేషన్‌లోని లూప్ లైనులో ఆగుతుంది, ఎదుటి రైలు వచ్చాక కదులుతుంది. ఆటలోనూ అంతే. సిగ్నల్ ఉండాల్సింది లూప్ చివర, లైను మధ్యలో కాదు. ముద్ఖేడ్–మేడ్చల్ మధ్య రెండో లైనుకు కేంద్ర కేబినెట్ 2023 ఆగస్టులో ఎందుకు ఆమోదం తెలిపిందో కూడా ఈ ఆట ఆడిన పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

జంక్షన్ దగ్గర ఇంకో చిక్కు. బోధన్ లైను విడిపోయే జానకంపేట లాంటి చోటు ఊహించుకోండి. జంక్షన్ దాటిన వెంటనే సిగ్నల్ పెడితే, రైలు అక్కడ ఆగి దాని తోక జంక్షన్ మీదే ఉండిపోతుంది. అన్ని దారులూ మూసుకుపోతాయి. కాబట్టి అన్నిటికంటే పొడవైన రైలు పట్టేంత జాగా వదిలి, ఆ తర్వాతే సిగ్నల్ పెట్టాలి.

ఇక్కడ ‘కీ’ చూసి రాసే జవాబు లేదు. రైళ్లు ఆగాయంటే ఎక్కడ ఆగాయో, ఎందుకు ఆగాయో పిల్లలే వెతకాలి, మార్చాలి, మళ్లీ నడిపి చూడాలి. మనం ఇచ్చే వర్క్‌షీట్లలో, వీక్లీ టెస్టుల్లో ఈ అవకాశం తక్కువ. ఈ మాట టీచర్‌గా నాకు కూడా వర్తిస్తుంది. సికింద్రాబాద్‌లో 1957 నుంచి ఉన్న ఇరిసెట్ సంస్థలో రైల్వే ఇంజనీర్లు శిక్షణ పొందే సిగ్నలింగ్ విద్యకు ఇది తొలి మెట్టు కూడా.

అలాగని రోజంతా ఆడనివ్వమనడం లేదు. ఆదివారం ఒక గంట చాలు. కంప్యూటర్ హాల్లోనే ఉండాలి. నిజమైన పట్టాల దగ్గరికి మాత్రం ఆట కోసం అస్సలు పంపకండి. ఆ గంట అయ్యాక “ఎన్ని మార్కులొచ్చాయి?” అని కాకుండా “ఈరోజు రైళ్లు ఎక్కడ ఇరుక్కున్నాయి? ఎలా విడిపించావు?” అని అడగండి. తెల్లకాగితం మీద గీసి చూపించమనండి.

గీసి వివరించగలిగితే మీ అమ్మాయి, అబ్బాయి ఆ గంట వృథా చేయలేదన్నమాటే.