దొంగ బోయింగ్

మచిలీపట్నంలో మా ఆపా ఇంటి డాబా మీద, రేకుల గదిలో ఒక బోయింగ్ 737 ఉంది. ప్లైవుడ్ బల్ల, పాత టీవీ, రిపేరు షాపుల్లో ఏరుకొచ్చిన స్విచ్‌లు, ఒక ఆర్డుయినో బోర్డు. ఇంటర్ పాసైన మా భాంజా ఎనిమిది నెలల మెహనత్ అది. టంకం పని వాడికి ఎవరూ నేర్పలేదు. మా దూల్హాభాయ్ చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పనివారు, ఇంట్లో పుట్టిన విద్య.

ఖాందాన్‌లో అందరి ఫిర్యాదూ ఒకటే: ఆటల్లో వక్త్ బర్బాద్ చేస్తున్నాడని. నేను ఒప్పుకోను. వాడు బల్ల మీద మర తిప్పితే ఆర్డుయినో ఆ కదలికను పట్టుకుంటుంది. మోబీఫ్లైట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌కు చేరవేస్తుంది. అటునుంచి ఎత్తూ దిశా అంకెలై వచ్చి బల్ల మీద వెలుగుతాయి. దీనికోసం వాడు వందల పేజీల ఇంగ్లీషు మాన్యువల్ చదివాడు. ఇది తాలీం కాదా? మా ఉర్దూ మీడియం బడిలో సైన్స్ ల్యాబ్‌కు ఎప్పుడూ తాళమే ఉండేది.

మొన్న ఈద్‌కు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి గన్నవరంలో విమానం లేపాడు. గుడివాడ దాటించి, బందరు మీద తిప్పి, దివిసీమ వైపు తీసుకెళ్లాడు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలడం కనిపించింది. తెర మీది నేల ఉపగ్రహ చిత్రాల నుంచి వచ్చేదే కాబట్టి నాగాయలంక చుట్టూ చెరువులు కూడా తెలుస్తున్నాయి. 1977 నవంబర్ 19 ఉప్పెన చూసిన మనిషి మా అమ్మీ. చాలాసేపు మాట్లాడలేదు.

ఆ తర్వాతే నేను అడిగాను, ఈ జహాజ్ ఎంతకు కొన్నావు బేటా అని.

"ఫ్రీయే మామూ. క్రాక్."

సిమ్యులేటర్ కొన్నదే. దానికి తగిలించుకునే ఈ 737 మాత్రం పీఎండీజీ అనే సంస్థ చేసిన యాడ్-ఆన్. ధర డెబ్బై డాలర్ల దరిదాపు. ఇంచుమించు ప్రతి స్విచ్ వెనకా అసలు విమానం వ్యవస్థ నడిచేలా ఏళ్ల తరబడి కూర్చుని రాసిన ప్రోగ్రాం.

"అమెరికా కంపెనీకి మనవల్ల నుక్సాన్ ఏముంది?" అన్నారు దూల్హాభాయ్. ఆయన కొత్త ఝుంకాకు అచ్చు చెక్కితే వారంలో అదే నమూనా నాలుగు దుకాణాల్లో వేలాడుతుంది. ఆ రాత్రి ఆయనకు అన్నం దిగదు. ఆ మాటే గుర్తుచేశాను. చాయ్ తాగుతూ ఊరుకున్నారు.

జుమా బయాన్‌లో హుఖూఖుల్ ఇబాద్ గురించి ఎన్నిసార్లు వినలేదు! బందా హక్కు తింటే ఆ బందాయే మాఫ్ చేయాలి. ఇది కొత్త మస్లా కూడా కాదు. 1988లో కువైట్‌లో కూర్చున్న ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ రచనలు, ఆవిష్కరణల మీద హక్కులు షరీఅత్ ప్రకారం చెల్లుతాయని, వాటిని కాజేయడం నాజాయజ్ అని తేల్చింది. నేనూ పాక్‌సాఫ్ కాదు. డెస్క్‌లో చేరిన కొత్తలో క్రాక్ పేజ్‌మేకర్‌లోనే పేజీలు పెట్టినవాణ్ణి.

కంపెనీలన్నీ ఫరిష్తాలని అనను. 2018 ఫిబ్రవరిలో ఫ్లైట్ సిమ్ ల్యాబ్స్ అనే సంస్థ తన ఎ320 ఇన్‌స్టాలర్‌లో క్రోమ్ పాస్‌వర్డ్‌లు లాగే ప్రోగ్రాం దాచి దొరికిపోయింది. దొంగ నంబర్లు వాడేవారి కోసమే అంది. డబ్బిచ్చి కొన్నవాళ్ల కంప్యూటర్లలోకీ ఆ ఫైలు దిగింది. గోల లేచాక తీసేసింది. చోర్‌ను పట్టడానికి చోరీ! అదీ గలతే. కానీ దాని పేరు చెప్పి మన గలతీ సహీ కాదు. డెబ్బై డాలర్లు బందరు ఇంటికి భారమన్నది నిజం, అయితే ఇది రొట్టె కోసం చేతులు చాచే మజ్‌బూరీ కాదు.

పైగా హలాల్ దారి తెరిచే ఉంది. ఫ్లైబైవైర్ వాళ్ల ఎ320ని స్వచ్ఛంద కార్యకర్తలు చేసి పూర్తి ఉచితంగా ఇస్తున్నారు. ఎవరో తెలియని బచ్చాల కోసం రాత్రులు కూర్చుని రాసేవాళ్ల పని నా కళ్లకు సదఖాలాగే కనిపిస్తుంది. చిక్కేమిటంటే అది ఎయిర్‌బస్. మావాడి బల్ల బోయింగ్‌ది, స్విచ్‌ల వరుసే వేరు. ఫ్లైట్‌గేర్ సిమ్యులేటర్ కూడా ఉచితమే, అందులో 737 ఉంది. పీఎండీజీ అంత నిండుగా ఉండదు. మోబీఫ్లైట్ అక్కడ పనికిరాదు, బోర్డుతో మాట్లాడించడానికి సొంతంగా ఫైలు రాసుకోవాలి. ఎనిమిది నెలల పనిలో సగం మళ్లీ చేయమని చెప్పడం తేలిక కాదు. వాడి ముఖం చూసి నా గొంతు తడబడింది కూడా.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు క్రాక్ తీసేశానని మెసేజ్ పెట్టాడు. ఇప్పుడు ఫ్లైట్‌గేర్‌కు వైర్లు కలుపుతున్నాడు, ఫ్లాప్స్ ముల్లు ఇంకా కదలట్లేదట. రంజాన్ ఆర్డర్ల పైసలు చేతికొచ్చాక అసలు 737కు సగం ఇస్తానన్నారు దూల్హాభాయ్. మిగతా సగం నాదని, నన్ను అడక్కుండానే, ఆపా ఖరారు చేసేసింది.