వాగు పేరు, నాలుగు స్వరాలు

జర్మన్ భాషలో ‘బాఖ్’ అంటే వాగు. అది నదీ కాదు, ఏరూ కాదు. ఊరి పక్కన పారే సన్నని నీటిపాయకు జర్మన్లు నిత్యం వాడే మాట కాబట్టి దాన్ని ‘సెలయేరు’ అని కవిత్వధోరణిలో అనువదించడం కంటె ‘వాగు’ అనడమే సమంజసం. కాకపోతే తెలుగులో ఆ మాటకు అంటుకుని ఉన్న వదరుబోతుతనపు శ్లేష జర్మన్‌లో లేదు. మూలంలో అచ్చు హ్రస్వం. చివరి హల్లు గొంతును ఒరుసుకుంటూ వచ్చే ఊష్మధ్వని, హైదరాబాదు ఉర్దూలో ‘ఖబర్’ అనే మాట మొదట వినిపించే ధ్వనికి దగ్గరిది. ‘బాచ్’ అనేది ఇంగ్లీషు అక్షరాలను చూసి పలికే పొరపాటు.

వాగు ఒడ్డున నివసించిన కుటుంబాలకూ, ఆ మాటతో ముగిసే ఊళ్లనుంచి తరలివెళ్లిన వారికీ ఇది ఇంటిపేరయింది. జాక్ ఒఫెన్‌బాఖ్ పేరు ఆయన తండ్రి విడిచి వచ్చిన పట్టణానిదే. ఊరి పేరునే ఇంటిపేరుగా మోసే తెలుగువారికి ఇందులో వింతేమీ కనిపించదు. వింత తురింగియా ప్రాంతపు బాఖ్ వంశంతో మొదలవుతుంది. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ (1685–1750) 1735లో తయారుచేసిన వంశావళిలో 53 మంది పేర్లున్నాయి. మొదటివాడైన ఫైట్ బాఖ్ రొట్టెలు కాల్చేవాడనీ, సిట్టర్న్ అనే తీగవాద్యాన్ని పిండిమరకు తీసుకుపోయి మర తిరుగుతుండగా వాయించుకునేవాడనీ అందులో ఉంది. ఎర్ఫుర్ట్ నగరంలో ఈ వంశీయులు తరతరాలుగా పురపాలక కొలువులో వాద్యకారులుగా ఉండటంవల్ల, వారిలో ఒక్కరూ మిగలని కాలంలో కూడా అక్కడి పట్టణ వాద్యకారులను జనం ‘బాఖ్‌లు’ అనే పిలిచారు. కులవృత్తి పేరు ఇంటిపేరు కావడం అన్నిచోట్లా ఉన్నదే గాని, ఇంటిపేరు వృత్తి పేరు కావడం అరుదు.

ఒకే పేరు ఇందరికి ఉన్నప్పుడు ఊరిని చేర్చి గుర్తుపట్టవలసి వచ్చింది. సెబాస్టియన్ కుమారులలో ఎమాన్యుయేల్ ‘బెర్లిన్ బాఖ్’, ఆ తరువాత ‘హాంబుర్గ్ బాఖ్’. చిన్నవాడు యోహాన్ క్రిస్టియన్ ‘లండన్ బాఖ్’. 18వ శతాబ్దం చివరి దశకాలలో ఏ విశేషణమూ లేకుండా ‘బాఖ్’ అంటే చాలామందికి తండ్రి కంటె ఎమాన్యుయేలే ముందు స్ఫురించేవాడు.

తండ్రిని వాగు అనరాదు, సముద్రం అనాలి అని బేతోవెన్ అన్నట్టు ఒక చమత్కారం ప్రచారంలో ఉంది. అది ముచ్చటైన మాటే గాని, ఆ పేరులోని అసలు విశేషాన్ని తాకదు. జర్మన్ స్వరలేఖనంలో ‘బి’ అనే అక్షరం ఇంగ్లీషువారు బి ఫ్లాట్ అనే స్వరానికి గుర్తు, వారి బి స్వరానికి గుర్తు ‘హెచ్’. మధ్యయుగాలలో గుండ్రని ‘బి’, చదరపు ‘బి’ అని రెండు రూపాలుండగా చదరపుది రానురాను ‘హెచ్’ను పోలిపోవడమే ఇందుకు కారణం. ఆ విధంగా బి, ఎ, సి, హెచ్ అనే నాలుగు అక్షరాలూ నాలుగు స్వరాలయ్యాయి. ‘సి’ని షడ్జమంగా తీసుకుంటే అవి కైశికి నిషాదం, చతుశ్రుతి ధైవతం, తారషడ్జమం, కాకలి నిషాదం. పక్కపక్కనే ఉన్న నాలుగు స్వరస్థానాలలో ఇమిడిపోయే ఈ ప్రయోగం అరమెట్టు దిగి, మెట్టున్నర ఎక్కి, మళ్లీ అరమెట్టు దిగుతుంది. రెండు నిషాదాల మధ్య చెవికి కొంత ఇరుకుగానే తోస్తుంది. సాహిత్యాక్షరమే స్వరాక్షరం కావడం కర్ణాటక సంగీతంలో వాగ్గేయకారుని చాతుర్యం. ఇక్కడ ఆ పని పుట్టుకతో వచ్చిన ఇంటిపేరే చేసిపెట్టింది. ఈ అక్షరాలు వరుసగా పాడదగినవని వాల్తర్ సంగీత నిఘంటువు 1732లోనే గుర్తించింది.

శూమన్ 1845లో ఈ స్వరాలమీద ఆరు ఫ్యూగులు, అంటే ఒక ఇతివృత్తాన్ని పలు గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే రచనలు, కూర్చాడు. లిస్ట్, రేగర్ ఆర్గన్‌కు రాశారు. వీరందరికీ ముందు బాఖ్ స్వయంగా ‘ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్’లోని అసంపూర్ణ ఫ్యూగులో తన పేరును మూడవ ఇతివృత్తంగా ప్రవేశపెట్టాడు. పేరు వచ్చిన చోటనే రచయిత మరణించాడని ఎమాన్యుయేల్ ఆ రాతప్రతిపై రాసిపెట్టాడు గాని, దస్తూరీని పరిశీలించిన పండితులు ఆ పుట మరణానికి చాలా నెలల ముందుదంటారు. రచన 239వ ఆవర్తనంలో ఆగిపోతుంది. ఆ తరువాతి గీతలపై స్వరాలు లేవు.