కారు తాళంచెవి: దొంగకు అడ్డు, యజమానికి చిక్కు

సెకండ్ హ్యాండ్ కార్లు నేడు పల్లెల్లోనూ తిరుగుతున్నాయి. పెళ్ళికైనా, అర్ధరాత్రి ఆస్పత్రికైనా ఊళ్ళోని కారే దిక్కవుతోంది. అలాంటి బండి వేళకు కదలకపోతే అనుమానం ముందు పెట్రోల్ పంపు మీదికో, ప్లగ్గుల మీదికో పోతుంది. లోపం తాళంచెవిలో ఉండవచ్చునన్న సంగతి చాలామందికి తట్టదు.

ఇప్పటి కార్ల తాళంచెవి వట్టి ఇనుప ముక్క కాదు. దాని పిడిలో చిన్న చిప్ ఉంటుంది. ఆ చిప్‌కు బ్యాటరీ అక్కరలేదు. తాళం తిప్పగానే, దాని చుట్టూ అమర్చిన తీగచుట్ట నుంచి శక్తి అంది, చిప్ తన రహస్య సంఖ్యను పంపుతుంది. సంఖ్య సరిపోతేనే ఇంజన్ నడుస్తుంది. ఈ ఏర్పాటును ఇమ్మొబిలైజర్ అంటారు. దొంగ మారుతాళంచెవి కోయించుకున్నా బండి కదలదు.

దీని విలువ ఏమిటో అమెరికా అనుభవం చాటింది. అక్కడ 2021 వరకు అమ్మిన కియా, హ్యుందాయ్ కార్లలో చాలావాటికి ఇది లేదు. వాటిని దొంగిలించే కిటుకు 2022లో వీడియోల ద్వారా పాకిపోయింది. కుర్రకారు కార్లు ఎత్తుకుపోయారు. ప్రమాదాల్లో ప్రాణాలూ పోయాయి. చివరకు 2023 ఫిబ్రవరిలో సుమారు 83 లక్షల కార్లకు ఉచితంగా సాఫ్ట్‌వేర్ సవరిస్తామని కంపెనీలు ప్రకటించవలసి వచ్చింది. పొరుగునే ఉన్న కెనడాలో 2007 నుంచి కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి. అక్కడ ఆ కిటుకు పారలేదు.

అయితే ఈ కాపలా ఒక్కొక్కప్పుడు యజమానినే ఆపుతుంది. ఇంజన్ అంటుకుని రెండు మూడు సెకన్లలో ఆగిపోవడం, లేదా అసలు అంటుకోకపోవడం, మీటరు వద్ద తాళంచెవి గుర్తు దీపం అదేపనిగా మినుకుమనడం దీని లక్షణాలు. అప్పుడు ముందుగా రెండో తాళంచెవితో ప్రయత్నించాలి. దానితో నడిస్తే లోపం మొదటి తాళంచెవిదే. రెండింటితోనూ నడవకపోతే కారు బ్యాటరీ, తీగచుట్ట, దాని వైర్లు చూడాలి. గుత్తిలో మరో చిప్ తాళంచెవి ఉన్నా సంఖ్య అందకపోవచ్చు. ఇవేమీ చూడకుండా పంపులు, ప్లగ్గులు మార్పిస్తే డబ్బు దండగ.

ఇమ్మొబిలైజర్‌నే తీసివేయిస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. గొళ్ళెం పట్టేసిందని తలుపే పీకినట్లవుతుంది.

కొత్త తాళంచెవి కోయించినంత మాత్రాన పని జరగదు. దాని సంఖ్యను కారు కంప్యూటరుకు నేర్పాలి. ఉన్న ఒక్కటీ పోతే బండిని పట్నానికి లాక్కుపోక తప్పని పరిస్థితి రావచ్చు. పైగా కారు దొంగతనానికి గురైతే బీమా కంపెనీలు సాధారణంగా రెండు తాళంచెవులూ అడుగుతాయి.

పాత కారు కొనేవారు టైర్లు, రంగు చూసి తృప్తిపడరాదు. బేరం ఖాయం చేసేముందే రెండు తాళంచెవులూ అడిగి, రెండింటితోనూ ఇంజన్ నడిపి చూసుకోవడం శ్రేయస్కరం.