సీటు దాకే రిజర్వేషన్, ఆ తర్వాత జేబు

లా చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, నల్లకోటు వేసుకున్న అన్నలూ అక్కలూ, పోస్ట్ కొంచెం పొడుగున్నది. ఆఖరి దాకా చదవండి, మా మాట నచ్చకపోతే కింద కొట్లాడండి.

తెలంగాణలో ఎస్టీ కోటా 2022లో 6 నుంచి 10 శాతమైంది. సంతోషం. కాలేజీ గేటు దాకా అది మనతో వస్తది. కార్పొరేట్ లా ఫర్మ్‌లో కొలువుకు మాత్రం అసలు ఎంట్రన్స్ ఇంటర్న్‌షిప్పే. పెద్ద ఫర్మ్‌లు ఆఖరి ఏడాదుల పిల్లలతో కొన్ని వారాలు పని చేయించుకుని చూస్తయి. నచ్చినోళ్లకు డిగ్రీ చేతికి రాకముందే ఆఫర్ ఇస్తయి. దానికి రోస్టర్ లేదు, కోటా లేదు. సీవీ మెయిల్ చేయాలి, దాన్ని తెరిచి చూసేటట్టు తెలిసినోళ్లు ఎవరో ఒక మాట చెప్పాలి. మన తండాల్లో, గూడేల్లో ఆ మాట చెప్పేటోళ్లు ఎవరున్నరు?

హిమాయత్‌నగర్ సందుల్లో నడవండి, అపార్ట్‌మెంట్ల కింద వకీళ్ల బోర్డులు కనిపిస్తయి. ఒకదిక్కు బషీర్‌బాగ్‌లో ఉస్మానియా పీజీ లా కాలేజ్, ఇంకోదిక్కు నాంపల్లి క్రిమినల్ కోర్టులు, మూసీ ఒడ్డున హైకోర్టు. అన్నీ సిటీ బస్సు దూరమే. అయినా మాలో కొందరం ఒక ఆఫీసుకు పోతే అడిగిన మొదటి మాట "ఎవరు పంపిన్రు?" స్టైపెండ్ ఉంటదా సార్ అంటే "నేర్చుకోనీకి వచ్చినవా, సంపాదించనీకి వచ్చినవా?" అన్నరు. నేర్చుకోనీకే వచ్చినం సార్. కానీ నేర్చుకునే నెల రోజులు తినాలె కదా!

బార్ కౌన్సిల్ 2008 రూల్స్ ప్రకారం మూడేళ్ల కోర్సుకు కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాల్సిందే. ఏ ఏడాదిలోనూ వరుసగా 4 వారాలు దాటొద్దు. అంటే అది చాలామందికి సెలవుల్లోనే కుదురుతది. సెలవులొస్తే మన హాస్టళ్లకు తాళం పడుతది, మెస్ బంద్ అయితది. సిటీలో ఇల్లున్న పిల్లగాడు ఆ నెల పెద్ద ఫర్మ్‌లో కూర్చుంటడు. మనోడు ఉట్నూరుకో, దేవరకొండకో బస్సెక్కి, ఊరి దగ్గర తెలిసిన వకీలు దగ్గర సర్టిఫికెట్ రాయించుకుంటడు. కాగితం మీద ఇద్దరి వారాలూ సమానమే. కొలువు దగ్గర ఎవరి వారాలు లెక్కకొస్తయో మనకు తెల్వదా?

2024 అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ జూనియర్ వకీళ్లకు నెలకు పట్నాల్లో 20,000, గ్రామాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని చెప్పింది. అది సలహా మాత్రమే. లా విద్యార్థికి ఆ సలహా కూడా లేదు. ఆస్ట్రేలియాలో పెద్ద ఫర్మ్‌లు సెలవుల్లో తీసుకునే విద్యార్థి క్లర్కులకు జీతమిస్తయి. అక్కడి ఆదివాసీ విద్యార్థులకు జీతంతో ఇంటర్న్‌షిప్ ఇప్పించనీకి కెరీర్‌ట్రాకర్స్ అనే సంస్థ 2009 నుంచి పని చేస్తున్నది. అక్కడ అయ్యే పని ఇక్కడెందుకు కాదు?

మనలోనే కొందరు అంటరు: "మనకు కార్పొరేట్ లా ఎందుకు? 1/70 కేసులు, పోడు కేసులు చూసుకుంటే చాలదా?" ఈ మాట మీదనే మా కొట్లాట. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో మైనింగ్ లీజుల మీద వచ్చిందే సమత తీర్పు. ఏజెన్సీ భూమిని ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు నడిచింది కోర్టులో. లీజు కాగితం పుట్టింది మాత్రం ఎవరో ఒక ఆఫీసు టేబుల్ మీద. లీజు ఎట్ల రాస్తరో, కంపెనీ పేరు ఎట్ల మారుస్తరో, అప్పుకు ఏం తాకట్టు పెడతరో తెలిసినోడు మన మనిషైతే, భూమి పోయినంక ఏడ్చే బదులు పోకముందే పట్టుకుంటడు. పోనీ మనోళ్లు ఎవరైనా మంచి జీతం కోసమే కార్పొరేట్‌కు పోతమన్నా తప్పేంది? పక్కోడి కొడుకు పోతే కెరీర్, మన బిడ్డ పోతే ద్రోహమా?

పైకి పోయేకొద్దీ మనం ఎంత పల్చబడుతమో చూడండి. 2018 నుంచి 2023 జులై దాకా దేశంలో హైకోర్టులకు 604 మంది జడ్జీలను నియమిస్తే ఎస్టీలు 9 మంది. కేంద్రం పార్లమెంటుకు చెప్పిన లెక్క ఇది.

మేం అడిగేది మూడే. ఎండాకాలం సెలవుల్లో హైదరాబాద్‌లో కనీసం ఒక అబ్బాయిల, ఒక అమ్మాయిల ఎస్టీ హాస్టల్ మెస్‌తో సహా తెరిచి ఉంచాలి. ఇంటర్న్‌షిప్ చేసే ప్రతి ఎస్టీ లా విద్యార్థికి ఆ వారాలకు గిరిజన సంక్షేమ శాఖ స్టైపెండ్ ఇయ్యాలి. హైకోర్టులో గానీ, నాగోల్ దిక్కు బండ్లగూడ కార్పొరేట్ భవన్‌లోని కంపెనీ లా ట్రిబ్యునల్‌లో గానీ ప్రాక్టీస్ చేస్తున్న మన సీనియర్లు ఏడాదికి ఒక్క పిల్లను, ఒక్క పిల్లగాన్ని తమ టేబుల్ దగ్గర కూర్చోబెట్టుకోవాలి.

మొదటి రెండింటికీ మసాబ్ ట్యాంక్‌లోని గిరిజన సంక్షేమ కమిషనర్ ఆఫీసుకు వినతిపత్రం ఇద్దాం. సంతకం పెట్టేటోళ్లు కామెంట్‌లో కాలేజీ, చదివే సంవత్సరం రాయండి. మూడోదానికి ఏ ఆఫీసు చుట్టూ తిరగాల్సిన పని లేదు. ఈ గ్రూపులో ఉన్న అన్నలూ అక్కలూ, మీ పేరు మీరే రాయండి. చూస్తుంటం.

జై ఆదివాసీ. జై సేవాలాల్. జై భీమ్.